బ్రెసాక్ కారులో మహారాణి

స్ప్రింగు మరీ బిగుతుగా ఉంటే ఇంజిను ఊపిరి తీసుకోదు. మరీ వదులుగా ఉంటే తీసుకున్న ఊపిరి నిలవదు. ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఉన్న సరైన బిగువు కోసం పద్మిని రెండు చలికాలాలు తగలేసింది. చివరికి మే నెలలో దొరికింది. దొరికిందని ఆమె చెవికి తెలుసు, పక్కన కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డ ముసలి మెకానిక్ వాల్ట్‌కీ తెలుసు. అయినా సెప్టెంబరులో ఆ బుధవారం పొద్దున్నే డెట్రాయిట్ దగ్గరి కార్ల మ్యూజియం షెడ్డుకొచ్చి, వాల్వుని మళ్లీ ఊడదీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, స్ప్రింగుని బొటనవేలితో నొక్కి చూసుకుంది. ఆదివారం పాత కార్ల ఊరేగింపు. ఆ రోజు తప్పు జరగడానికి వీల్లేదు.

ఆ కారు పేరు బ్రెసాక్. ఫ్రాన్సులో ఇద్దరన్నదమ్ములు 1903లో కంపెనీ పెట్టి, 1906 కల్లా తలుపులు మూసేశారు. వాళ్లు చేసిన కార్లు ఎన్నో ఎవరికీ సరిగ్గా తెలీదు, మిగిలింది మాత్రం ఇదొక్కటే. ఒకే సిలిండరు. స్టీరింగు చక్రం బదులు పడవ చుక్కాని లాంటి పొడుగాటి కడ్డీ. ముందు ఇద్దరు కూర్చునే సీటు, దాని వెనక పెట్టెలాంటి ఇంకో సీటు. ఆ వెనక సీటుకి పక్కన తలుపుండదు, బండి వెనకనుంచి ఎక్కాలి. డెట్రాయిట్‌లో పియానోలు అమ్ముకునే ఒకాయన మోజుపడి తెప్పించుకుని, ఒక్క మంచుకాలానికే విసిగిపోయి కొట్టంలో పడేశాడు. తర్వాత కొన్ని తరాల కోళ్లు దానిమీద హాయిగా గుడ్లు పెట్టుకున్నాయి.

పద్మిని దాన్ని విప్పినప్పుడు ఇంజిను భాగాల లోపలివైపు మూడేసి చిన్న చుక్కలు కనిపించాయి, మేకులాంటి దానితో కొట్టినవి. ఎవరో ఫిట్టరు తన గుర్తు వేసుకున్నాడు. బయట ఇత్తడి పలక మీద మాత్రం పూలతీగల మధ్య బ్రెసాక్ సోదరుల పేరే ఉంది. పాడైపోయిన భాగాలకి బదులు పద్మిని కొత్తవి చేసినప్పుడు, "నీ గుర్తు కూడా వెయ్యి" అన్నాడు వాల్ట్. "ఎందుకులే" అంది. కార్ల కంపెనీలో ఇంజిను వాల్వుల మీదే ఉద్యోగమంతా గడిపి రిటైరైన ఇంజినీరు పద్మిని, 'ఎందుకులే' అనడం ఆమెకి బాగా అలవాటు.

ఆ షెడ్డుకో ఆచారముంది. ఎక్కడా రాసిపెట్టింది కాదు గానీ, వాల్ట్ అక్కడికి వచ్చినప్పటినుంచీ ఒక్కసారీ తప్పలేదు. చచ్చిన ఇంజినుకి ఎవరి చేతిమీద ప్రాణం వస్తే, ఆ బండి మొదటిసారి గేటు దాటేటప్పుడు వాళ్లే నడుపుతారు. వాల్ట్ అలా నడిపాడు. పెయింటు పనికొచ్చి ఇంజిను పని నేర్చుకున్న కుర్రాళ్లూ నడిపారు. పద్మిని వంతు ఈ ఆదివారం. ఆ సంగతి ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు గానీ, నోవైలో తమ ఇంటి చుట్టూ ఉన్న వీధుల్లో కారు నడుపుతూ, కుడిచేత్తో లేని చుక్కానిని తిప్పి చూసుకోవడం మాత్రం ఆమె భర్త రెండుసార్లు పట్టేశాడు.

వాల్వు బిగించి చేతులు తుడుచుకుంటుంటే షెడ్డు తలుపు తెరుచుకుంది. మ్యూజియం డైరెక్టరు మెరెడిత్, ఆమె వెనకే కోటేశ్వరరావు. నోవై పక్కనే ఉన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆయన్ని తెలియని తెలుగువాడు లేడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ, గుళ్లో ఆయన పేరుతో హాలు, ఏ ఫంక్షనుకైనా ముందు వరసలో ఒక కుర్చీ. ఈ మధ్యే మ్యూజియానికి పెద్ద దాత కూడా అయ్యాడు.

"పద్మినక్కా, కంగ్రాట్స్. అసలు మన కమ్యూనిటీకి ఎంత ప్రౌడ్ మూమెంటో తెలుసా మీకు? పెరేడ్‌లో లీడ్ కార్ మన తెలుగువాళ్లు డ్రైవ్ చేయడం ఇదే ఫస్ట్ టైమ్" అన్నాడు.

పద్మిని మొహం విచ్చుకుంది. గ్రీజు చేతిని వెనక్కి దాచుకుని, "ఏదో లెండి" అంది, సిగ్గుపడుతూ.

"అందుకే న్యూజెర్సీలో ఐసెలిన్ నుంచి షేర్వాణీ తెప్పిస్తున్నా, తలపాగాతో సహా. శుక్రవారం వచ్చి కాస్త ప్రాక్టీస్ చేస్తా. ఆ హ్యాండిల్ అదీ ఎలా తిప్పాలో మీరు చూపించాలి."

పద్మిని వాల్ట్ వైపు చూసింది. వాల్ట్‌కి తెలుగు రాదు గానీ తలపాగా చుట్టినట్టు తల చుట్టూ తిప్పిన ఆ చెయ్యి అర్థమైంది. కాఫీ కప్పులోకి చూస్తూ నిలబడ్డాడు.

"మరి నేను?" అంది పద్మిని.

"మీరు లేకుండా ఎలా అక్కా? మీరు మహారాణి."

మిగతాది మెరెడిత్ ఇంగ్లీషులో, చిన్నపిల్లకి పుట్టినరోజు కానుక విప్పి చూపిస్తున్నంత సంబరంగా చెప్పింది. బ్రెసాక్ కంపెనీ ఒక కారుని ఇండియాలో ఏదో రాజకుటుంబానికి పంపిందని పాత పత్రికలో ఒక వాక్యం దొరికిందట. అంతే, ఆదివారానికి కథ తయారు. బోర్డు కూడా అచ్చవుతోంది, 'మహారాణి గారి కారు' అని. ముందు సీట్లో మహారాజు, వెనక సీట్లో పట్టుచీరలో మహారాణి. నీ దగ్గర చీరలు ఉండే ఉంటాయి కదా అని అడిగింది.

"ఈ కారు ఇండియా మొహం చూడలేదు మెరెడిత్. ఇది పియానోలాయనది. ఇక్కడికి పాతిక మైళ్ల దూరంలో కోళ్ల కింద పడి ఉండేది."

"పియానోలాయన కథ వినడానికి ఎవరొస్తారు పద్మినీ? జనానికి రొమాన్స్ కావాలి."

"ఇంజిను బతికించింది నేను. ఈ షెడ్డులో ఒక పద్ధతుంది. నడపాల్సింది నేను."

"నీ కృషి మాకు తెలీదా? వాలంటీర్ల బోర్డు మీద నీ పేరు ఉంటుంది" అని భుజం తట్టి, మెరెడిత్ కోటేశ్వరరావుని టెంట్లు ఎక్కడ వేస్తారో చూపించడానికి తీసుకెళ్లిపోయింది. భుజం తట్టిన చోట పద్మినికి ఒళ్లు మండింది. చేతిలో గుడ్డని బల్లమీద కొట్టింది.

"వాల్ట్, నువ్వు ఒక్క మాటైనా అనలేదేం?"

"షెడ్డు వాళ్లది" అన్నాడు వాల్ట్ నేలచూపులు చూస్తూ. "ఈ వయసులో తాళంచెవి లాక్కుంటే పొద్దున్నే లేచి నేనెక్కడికి పోవాలి?"

 ఆ మాటకి ఆమెకి ఇంకా కోపం వచ్చింది.

*

ఆ సాయంత్రం నోవైలో ఇంటి వంటగదిలో గిన్నెలు మామూలుకంటే గట్టిగా మాట్లాడాయి. రాజగోపాల్ పేపరు మడిచి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గుండె ఆపరేషన్లు చేసి రిటైరైన డాక్టరు, ఇంట్లో మాత్రం గొడవంటే రెండడుగులు వెనక్కి వేసే మనిషి.

"ఏమైంది పద్దూ? ఆ బెండకాయలేం చేశాయి నిన్ను?"

ఆమె కత్తి ఆపకుండానే అంతా చెప్పింది. షేర్వాణీ దగ్గర ఆయనకి నవ్వొచ్చింది గానీ, ఆమె మొహం చూసి మింగేశాడు.

"పోనీలే. కోటేశ్వరరావు మనవాడే కదా. ఎవడో తెల్లవాడు కొట్టేస్తే బాధగానీ."

"మనవాడు కాబట్టే మండుతోంది. తెల్లవాడు చేస్తే వాడికి తెలీదులే అనుకుందును. ఈయనకేం? నేను ఆ షెడ్డులో ఏం చేస్తున్నానో ఈయనకి తెలుసు. గుళ్లో కనపడ్డప్పుడల్లా మీ కారు ఎంతవరకూ వచ్చిందక్కా అని అడుగుతూనే ఉన్నాడు. మీ కారు అనేవాడు, విన్నారా? ఇప్పుడేమో ఆయన మహారాజు, నేను వెనక పెట్టెలో బొమ్మని."

"నలుగురిలో ఉన్నాం. రేపు గుళ్లో మొహాలు చూసుకోవాలి. ఒక్క పూట కూర్చుంటే సరిపోయేదానికి ఎందుకొచ్చిన గొడవ? సర్దుకుపోతే పోలా?"

పద్మిని కత్తి కింద పెట్టింది.

"మీరు ఆపరేషన్ చేసి, చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి, పేషెంటు పెళ్లాం వచ్చి పక్కన పూలబొకే పట్టుకుని నిలబడ్డవాడి చేతులు పట్టుకుని ఏడుస్తూ థ్యాంక్స్ చెబుతుంటే, మీరు సర్దుకుపోతారా?"

"అది వేరు."

"ఏం వేరు?"

రాజగోపాల్ ఫ్రిజ్‌లోంచి పెరుగు తీసి బల్లమీద పెట్టాడు, అడగకపోయినా. అన్నాలు తినేటప్పుడు ఆమె లోపల్లోపల అందరితోనూ మాట్లాడుతూనే ఉంది. మెరెడిత్‌ని కడిగేసింది, కోటేశ్వరరావుని నిలబెట్టి అడిగింది, వాల్ట్‌ని చెడామడా తిట్టింది. ఆదివారం నాకు ఒంట్లో బాగాలేదని చెప్పేసి ఇంట్లో పడుకుంటాను, ఏం చేసుకుంటారో చేసుకోండి అనుకుంది.

"నేను వెళ్లను" అంది పైకి.

"సరే, మానెయ్యి" అన్నాడు రాజగోపాల్. పెరుగు కలుపుకుంటూ, "కానీ అతను ఆ బండిని ఏం చేస్తాడో? మన అబ్బాయి సైకిలే తిన్నగా పట్టుకోలేకపోయాడు ఓసారి పిక్నిక్‌లో" అన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. పద్మిని మాత్రం అన్నం ముద్దని మళ్లీ కంచంలో పెట్టేసింది. ఆ స్ప్రింగు, ఆ వాల్వు, చేత్తో అరగదీసి కూర్చిన ఇత్తడి బుష్షులు, వాటన్నిటి మీదా ఫోను మాట్లాడుకుంటూ ఎక్కి కూర్చునే కోటేశ్వరరావు. ఆ బండి చప్పుడులో తేడా వస్తే గుర్తుపట్టేది ఈ భూమ్మీద ఇద్దరే. అందులో వాల్ట్ నోరు విప్పడు.

"వెళ్తాను. ఆ కారు కోసం. మీ కోటేశ్వరరావు కోసం కాదు, మీ గుడి కోసం కాదు" అంది. కంచం తీసుకుని లేచింది.

*

శుక్రవారం కోటేశ్వరరావు చెప్పిన టైముకంటే బాగా ఆలస్యంగా వచ్చాడు. వచ్చీ రాగానే కారు పక్కన రకరకాల భంగిమల్లో సెల్ఫీలు తీసుకున్నాడు. పద్మిని చేతులు కట్టుకుని ఆగింది. తర్వాత పళ్లు బిగబట్టి, ఒక్కొక్కటీ చూపించింది.

"ఇది పెట్రోలు ట్యాపు. సీటు కింద ఉంటుంది. ముందు ఇది తెరవాలి. తర్వాత ఇదిగో, ఈ చిన్న పిన్ను. దీన్ని నొక్కితే కార్బురేటర్‌లోకి పెట్రోలు నిండుతుంది. కింద ఒక్క చుక్క కనపడగానే వదిలెయ్యాలి. వదలకపోతే పొంగి కింద చెక్క మీద పడుతుంది. వింటున్నారా?"

"వింటున్నా అక్కా, చెప్పండి" అని ఫోనులో ఎవరికో వేలు చూపించి ఆగమన్నాడు.

"చెక్క మీద పెట్రోలు పడితే నిప్పన్నది దగ్గరికి రాకూడదు. వాల్ట్ పైపు కూడా ఆ గేటు బయటే కాలుస్తాడు."

"డన్. చుక్క రావాలి, నిప్పు రాకూడదు. ఇంకా?"

చుక్కాని కడ్డీ ఎటు తిప్పితే బండి ఎటు పోతుందో, బ్రేకు ఎక్కడో, స్పార్కు టైము మార్చే మెరుపు లివరు వెనక్కి పెట్టకుండా, ముందున్న స్టార్టింగు హ్యాండిల్ తిప్పితే అది ఎదురు తన్ని మణికట్టు ఎలా విరుగుతుందో చెప్పింది. మణికట్టు మాట విన్నాక, "హ్యాండిల్ మీరే తిప్పండక్కా, ఆ తర్వాత వెనక కూర్చోండి. నేను డ్రైవింగ్ చూసుకుంటా" అన్నాడు ఉదారంగా. ఇంజిను నడిచింది. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో కోటేశ్వరరావు గుడ్ల మీద నడుస్తున్నట్టు బండిని ఒక చుట్టు తిప్పి, రెండో చుట్టులో చెత్తడబ్బాకి రాసి, "సూపర్" అంటూ దిగాడు. పద్మిని మడ్‌గార్డు మీద పడ్డ గీతని వేలితో తడిమి చూసింది. నోరు విప్పితే ఆగదని తెలుసు.

"అన్నట్టు, పంతులుగారికి కూడా చెప్పానక్కా. స్టార్ట్ చేసేముందు చిన్న పూజ. మెరెడిత్ కూడా ఎక్సైట్ అయింది. మన వాహన పూజ వీళ్లకి చూపించాలి కదా."

పద్మిని నాన్న కొత్త స్కూటరు కొన్నా, ఇక్కడ తను, రాజగోపాల్ మొదటి కారు కొన్నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినవాళ్లే. అందులో ఆమెకి అభ్యంతరం కనిపించలేదు. నిమ్మకాయలు, కొబ్బరికాయ, బొట్టు అంతవరకే ఆలోచించింది. ఒళ్లంతా కోపం నిండి ఉంది, ఆ గీత మీదే దృష్టి ఉంది.

"కొబ్బరినీళ్లు స్పార్కు కాయిల్ మీద పడకుండా చూడమనండి" అని మాత్రం అంది.

*

ఆదివారం ఎండ బంగారంలా కాసింది. మేపుల్ చెట్ల కొసలు అప్పుడే ఎర్రబడుతున్నాయి. మ్యూజియం పచ్చిక మీద జనం, ఐస్‌క్రీమ్ బండ్లు, వరసగా నిలబెట్టిన పాత కార్లు. అన్నిటికంటే ముందు బ్రెసాక్, దాని పక్కన మనిషెత్తు బోర్డు, 'మహారాణి గారి కారు'. బోర్డు కింద చిన్న అక్షరాల్లో దాత పేరు. నోవై నుంచి, ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి తెలుగు కుటుంబాలు పిల్లలతో సహా దిగాయి.

పద్మిని వంకాయరంగు కంచిపట్టు చీర కట్టుకుంది. చీర కింద షెడ్డులో వేసుకునే బూట్లే వేసుకుంది, మొనలో ఇనప రేకున్నవి. మెరెడిత్ ఎదురొచ్చి, గాజురాళ్లు పొదిగిన ప్లాస్టిక్ కిరీటం తలమీద పెట్టబోయింది. పద్మిని తల వెనక్కి తీసుకుంది. "సరే, ఒళ్లోనైనా పెట్టుకో, ఫొటోల్లో పడుతుంది" అని ఆమె చేతిలో పెట్టి వెళ్లింది. వెనకనుంచి ఎక్కి, తలుపు గడియ పడ్డాక, పద్మిని ఆ పెట్టెలాంటి సీట్లో కిరీటం పక్కన కూర్చుంది. కోటేశ్వరరావు షేర్వాణీలో, తలపాగాలో ముందు సీట్లో ఒరిగి కూర్చుని అందరికీ చెయ్యూపుతున్నాడు. తాటికాయంత ముత్యం ఒకటి నుదుటి మీద ఊగుతోంది. పద్మినికి ఆ వీపే కనిపిస్తోంది.

పంతులుగారు మొదలుపెట్టారు. కారు ముందున్న ఇత్తడి దీపాలకి పసుపు, పలక మీద బ్రెసాక్ సోదరుల పేరుకి కుంకుమబొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు. స్పీకర్లలో సన్నాయి. అమెరికన్లు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. కొబ్బరికాయ కొట్టారు. పూజ అవుతూనే బండి కదిలిపోవాలని కోటేశ్వరరావుకి ఆత్రం. పంతులుగారి మంత్రం ఇంకా సాగుతుండగానే ఆయన వంగి సీటు కింద ట్యాపు తెరిచాడు. చెయ్యి కిందికి చాచి పిన్ను నొక్కాడు. నొక్కి, ఎందుకైనా మంచిదని ఇంకా నొక్కి పట్టాడు.

వాసన ముందు పద్మినికే తెలిసింది. సీటు మీదనుంచి వంగి చూసింది. కింద చెక్క పలక మీద పెట్రోలు చారలు కట్టి, అంచుమీంచి బొట్లుబొట్లుగా పచ్చికలోకి కారుతోంది.

"కోటేశ్వరరావుగారూ, పిన్ను వదలండి. పొంగిపోతోంది."

"ఒక్క నిమిషమక్కా, ముహూర్తం" అన్నాడాయన, కెమెరాల వైపు నవ్వు చెదరకుండా.

పంతులుగారు పళ్లెంలో కర్పూరం వెలిగించారు. మంట జానెడు లేచింది. దీపాలకి తిప్పి, పలకకి తిప్పి, ఇంజినుకి కూడా హారతివ్వడానికి పళ్లెం కిందికి దించుతూ వంగారు.

గడియ ఎలా తీసిందో పద్మినికే గుర్తులేదు. బూట్లతో నేలమీదికి దూకి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, బండి చుట్టూ వచ్చి పంతులుగారి చేతిలోంచి పళ్లెం లాక్కుంది. మొహం పక్కకి తిప్పి గట్టిగా ఊదింది. ఆరలేదు. మళ్లీ ఊదింది. ఆరిపోయింది.

సన్నాయి మాత్రం మోగుతూనే ఉంది. చుట్టూ ఉన్న తెలుగువాళ్లందరి మొహాల్లో నెత్తురుచుక్క లేదు. హారతి నోటితో ఊదెయ్యడం వాళ్లలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"హారతి ఆర్పేశావేమిటమ్మా, శుభమా అని" అన్నారు పంతులుగారు.

"కింద చూడండి."

ఆయన చూశారు. అప్పుడు వాసన తగిలింది. పళ్లెం తీసుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వెనక్కి నడిచి, ఇంకా వెనక్కి నడిచారు.

"ఇంకాస్త దించి ఉంటే మీ ధోవతీ, ఆయన షేర్వాణీ, ఈ కారూ, చుట్టూ ఉన్న పిల్లలూ, అంతా కలిపి ఒకటే హారతి అయ్యేది. ఏం చెప్పాను మీకు శుక్రవారం? ఒక్క చుక్క అన్నానా లేదా? నిప్పు రాకూడదన్నానా లేదా?" అంది పద్మిని కోటేశ్వరరావుతో. గొంతు తగ్గించడానికి ప్రయత్నం కూడా చేయలేదు. "చెవిన పడలేదు కదూ. పడదు. చెప్పింది వెనక సీటు మనిషి కదా."

కోటేశ్వరరావు పిన్ను వదిలాడు. తలపాగా మీద ముత్యం మాత్రం ఇంకా ఊగుతోంది.

రాజగోపాల్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పచ్చికనీ, ఆమె చేతిలో పళ్లాన్నీ, పట్టుచీరనీ చూశాడు. పళ్లెం ఆమె దగ్గరనుంచి తీసుకుని దూరంగా పెట్టి వచ్చాడు. సర్దుకుపో అనలేదు.

పద్మిని ట్యాపు కట్టేసింది. వాల్ట్ గుడ్డలూ ఇసుక బక్కెట్టూ పట్టుకొచ్చాడు. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని చెక్క తుడిచారు, ఇసుక చల్లారు. బండిని నెట్టి పొడినేల మీదికి తెచ్చారు. వాసన పోయేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అంతసేపూ కోటేశ్వరరావు బండిలోనే కూర్చుని ఉన్నాడు, దిగాలో వద్దో తెలియనట్టు.

మెరెడిత్ గుండెమీద చెయ్యి వేసుకుని వచ్చింది. "దేవుడి దయ, నువ్వు చూడబట్టి సరిపోయింది. సరే, ఇక ఆలస్యమవుతోంది, అందరూ ఎవరి సీట్లలో వాళ్లు కూర్చోండి. అనుకున్న ప్రకారమే కానిద్దాం" అంది.

అనుకున్న ప్రకారమే. అదీ వరస. అంత జరిగాక కూడా ఈ మనిషికి తన చేతిలోని ప్రోగ్రాం తప్ప ఏమీ కనిపించలేదు. బుధవారం నుంచీ లోపల్లోపల తిట్టుకుంటున్న తిట్లన్నీ పద్మినికి ఒక్కసారిగా ఎందుకూ పనికిరానివైపోయాయి. చీర కొంగు చుట్టి నడుములో బిగించి దోపుకుంది. బండి పక్కకి వెళ్లి నిలబడింది.

"కోటేశ్వరరావుగారూ, వెనక్కి వెళ్లి కూర్చోండి."

ఆయన మెరెడిత్ వైపు చూశాడు. మెరెడిత్ ఏదో అనబోయింది. అప్పుడు వాల్ట్ ఆమె ముందునుంచి నడుచుకుంటూ వెళ్లి, బండి వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ షెడ్డులో పద్ధతి అది, మెరెడిత్" అన్నాడు. "కావాలంటే రేపు తాళంచెవి తీసుకో."

కోటేశ్వరరావు దిగాడు. షేర్వాణీ అంచు ఎత్తిపట్టుకుని, వెనక మెట్టెక్కి, ఆ పెట్టెలో సర్దుకున్నాడు. సీటు మీద అడ్డంగా ఉన్న కిరీటాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

పద్మిని హ్యాండిల్ తిప్పి ఇంజిను లేపి, ముందు సీట్లో కూర్చుంది. బండి కదిలింది. చుక్కాని పిడి ఆమె అరచేతికి, ఇన్నాళ్లూ ఊహించుకున్న దానికంటే బరువుగా తగిలింది. ఇంజిను చప్పుడు ఒకటే తీరుగా, తడబడకుండా వస్తోంది. దారికి అటూ ఇటూ చప్పట్లు. పద్మిని మొహంలో నవ్వు లేదు. మలుపు తిరగ్గానే వేదిక, దానిమీద ఎర్రకోటు వేసుకున్న అనౌన్సరు.

"ఇదిగో వస్తోంది, మహారాణి గారి కారు. ఆహా, చూడండి, ఈరోజు మహారాణి గారికి తనే నడపాలని సరదా పుట్టింది" అని మైకులో గట్టిగా నవ్వాడు. జనం కూడా నవ్వారు.

పద్మిని సరిగ్గా వేదిక ముందుకి తెచ్చి బ్రేకు వేసింది. స్విచ్చి కట్టేసింది. ఇంజిను ఆగిపోయింది. వెనక వస్తున్న కార్లు ఒక్కొక్కటీ ఆగాయి. ఒకటి రెండు హారన్లు మోగాయి.

"ఏమైందక్కా? ట్రబులిచ్చిందా? నేను దిగనా?" అన్నాడు కోటేశ్వరరావు వెనకనుంచి.

"కూర్చోండి. మహారాజులు దిగకూడదు."

ఆమె దిగింది. కుచ్చిళ్ల కింద బూట్లు వేదిక మీదివాళ్లకి కూడా కనిపించాయి. స్విచ్చి తెరిచి, మెరుపు లివరు వెనక్కి పెట్టి, బండి ముందుకి వచ్చి హ్యాండిల్ పట్టుకుంది, బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచుకుని. నడుం వంచి ఒక్క ఊపున పైకి లాగింది. ఇంజిను దగ్గింది. మళ్లీ లాగింది. ఇంజిను అందుకుంది. నిలబడి నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

అనౌన్సరు మైకు కాస్త కిందికి దించి, "మేడమ్, మీరు?" అని అడిగాడు.

పద్మిని వేదిక దగ్గరికి వెళ్లి తలెత్తింది. "ఈ కారు ఏ మహారాణిదీ కాదు. డెట్రాయిట్‌లో పియానోలు అమ్మిన ఒకాయనది. ఈ ఇంజినుని బతికించిన ఇంజినీరుని నేను. నా పేరు పద్మిని. ఈ మూడు ముక్కలూ మైకులో చెప్పు. నువ్వు చెప్పేదాకా ఈ బండి ఇక్కడే ఉంటుంది, దాని వెనక ఉన్నవన్నీ అక్కడే ఉంటాయి."

అనౌన్సరు చేతిలో కార్డు చూసుకున్నాడు. దూరంగా ఉన్న మెరెడిత్ వైపు చూశాడు. ఆగిన కార్ల వరస చూశాడు. వెనక సీట్లో కిరీటం ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్న మహారాజుని చూశాడు. ఇంజిను డుబ్ డుబ్ మంటూ మధ్యలో కొట్టుకుంటూనే ఉంది. కార్డు జేబులో పెట్టుకుని, మైకు పైకెత్తి, ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. పియానోలాయన సంగతి చెప్పాడు. ఇంజినీరు సంగతి చెప్పాడు. పేరు చెప్పాడు.

జనంలో ఎక్కడో రాజగోపాల్ రెండు చేతులూ నెత్తిమీదికెత్తి చప్పట్లు కొట్టడం ఆమెకి కనిపించింది. కోపం మాత్రం తగ్గలేదు. పద్మిని తిరిగొచ్చి ముందు సీట్లో కూర్చుంది, ఇంజిను చప్పుడు ఒకసారి విని, బ్రేకు వదిలింది.